ఎండ తిన్న చిలకలు

జటాఝంకారుడి భోజనశాల ఎంత అందంగా ఉండేదో చెప్పాలంటే ముందు చూసేవాడి కడుపు నిండి ఉండాలి. ఖాళీ కడుపుతో వెళ్ళినవాడికి అక్కడ విస్తరి తప్ప ఇంకేమీ కనబడదు. భావనయ్య పొద్దున్నే రెండు గిన్నెల చద్దన్నం లాగించి మరీ వచ్చాడు కాబట్టి అన్నీ కనబడ్డాయి.

గోమేధికాలు తాపిన స్తంభాలు. అద్దంలాంటి నల్లరాతి నేల, అందులో తలకిందులుగా నడుస్తున్న వడ్డనవాళ్ళు. పైన నెమలి ఈకల చాందినీ. ఎవరూ ఊపకుండానే దానంతటది ఊగుతూ, విస్తరి దగ్గర కూర్చున్న మాంత్రికుడికి మాత్రమే గాలి పంపేది. వడ్డించేవాళ్ళకి చెమట మిగిలేది. తూర్పు గోడకి తాటిచెట్టంత కిటికీ. దానికి తలుపు లేదు, తెర లేదు. పొద్దు పొడిచిందంటే ఎండంతా నేరుగా లోపలికొచ్చి ఎదుటి గోడ మీద కూర్చునేది. ఆ ఎదుటి గోడ మీద వెండి కొక్కేలకి వేలాడుతూ ఉండేది చిలకల కోక. వరసకి పన్నెండు చొప్పున తొమ్మిది వరసలు, మొత్తం నూట ఎనిమిది నీలి చిలకలు. నిటారుగా వేలాడడానికి కింది అంచుని వెనక్కి మడిచి కుట్టి, ఆ మడతలో ఒక ఇత్తడి ఊచ దూర్చారు. చివరి వరస చిలకల తోకలు ఆ మడతలోకి వెళ్ళిపోయాయి.

భావనయ్య నేత మగ్గం వదిలి, గరిటె పట్టి, మూడు వారాల కిందట మాంత్రికుడి వంటింట్లో చేరింది ఆ కోక కోసమే.

కోట వెనక కొండకి ఒకటే ద్వారం. అవతల రాకుమారి కువలయ బందీగా ఉంది. ద్వారాన్ని కాచేది ఏనుగంత రాతిచిలక. నూరేళ్ళ కిందట ఆ ద్వారం నిలబెట్టిన రోజున ఎవరో నేతగాడు చిలక బొమ్మలతో ఒక కోక నేసి దానికి కప్పాడు. అదే కోకని ఉన్నదున్నట్టు మళ్ళీ నేసి తెచ్చినవాడికే తలుపు తీస్తానని చిలక పట్టుబట్టింది. మాంత్రికుడు మహా ఉదారుడిలా ఆ కోకని భోజనశాలలో వేలాడదీసి, ఎవరైనా వచ్చి కావలసినంతసేపు చూసుకోవచ్చని దండోరా వేయించాడు. చూడొచ్చు, ముట్టుకోకూడదు. ఇప్పటికి నలభైమంది నేతగాళ్ళు వచ్చి, దూరం నుంచే పోగు పోగూ లెక్కపెట్టుకుని, అచ్చు దించినట్టు నేసి పట్టుకెళ్ళారు. చిలక ఒక్కొక్కరి కోకనీ చూసి ఒకటే మాట అంది. "ఇది నేను కాదు." అంతే, ఆ నేతగాడి పాదాలు రాయయ్యేవి. ఆ రాయి రోజుకింత చొప్పున పైకి పాకేది.

ఆ నలభైమందిలో చివరివాడు భావనయ్య తండ్రి సాంబయ్య.

నిన్న పొద్దున గంజి తాగించడానికి కొండెక్కితే రాయి కింది పెదవి దాకా వచ్చింది. ఈ పొద్దున వెళ్ళేసరికి పై పెదవి కూడా పోయింది. గంజి తాగించే దారి లేదు. కళ్ళు మాత్రం కొడుకుని చూశాయి. ఇవాళ పొద్దు కుంకేసరికి రాయి ముక్కు మీదికి వస్తుంది. ఆ తరవాత ఊపిరి ఆడదు. భావనయ్యకి అంతవరకే గడువు.

ఇంత తక్కువ గడువు పెట్టుకుని మూడు వారాల్లో ఒక్క పోగు కూడా నెయ్యలేదని యువరాజు జయధ్వజుడికి అరికాలి మంట నెత్తికెక్కుతోంది. జయధ్వజుడు కువలయకి అన్న, చెల్లెల్ని విడిపించుకోవడానికి భావనయ్య వెంట వచ్చాడు. ఇరవై యుద్ధాలు చేశాడు, ఒక్కదానికీ ముందు ఆలోచించలేదు. అన్నీ గెలిచాడు కాబట్టి ఆలోచన అనవసరమని తేల్చుకున్నాడు. నోరు తెరిస్తే గ్రాంథికం పలుకుతాడని భయపడి, భావనయ్య ఆయనకి మసి పూసి, గోచీ కట్టించి, కోట బట్టలుతికే ఎర్రక్క దగ్గర మూగవాడిగా గాడిదలు తోలే పనికి పెట్టాడు. ఎర్రక్క ఆయన్ని మూడు వారాల్లో గాడిదల కన్నా ఎక్కువ తిట్టింది. నిజం తెలిశాక కూడా అలవాటు మానుకోలేకపోయింది.

భావనయ్య మాత్రం ఊరుకున్నాడా? ఊరుకోలేదు. చారు పోస్తూ చిలకలు లెక్కపెట్టాడు. కూర వడ్డిస్తూ పడుగెంతో పేకెంతో పోల్చుకున్నాడు. వంటవాళ్ళనీ, కాపలావాళ్ళనీ, నూరేళ్ళు దాటి పళ్ళు ఊడిన కోట దాదినీ కూర్చోబెట్టి, ఆ కోక గురించి వాళ్ళ తాతలు ఏమనేవారో అడిగాడు. అందరూ నవ్వారు. బట్ట నెయ్యడానికి కథలెందుకన్నారు. ఒక్క ఎర్రక్క మాత్రం వాళ్ళ ముత్తవ్వ దాన్ని ఆకుకోక అనేదని చెప్పింది. భావనయ్య మళ్ళీ వెళ్ళి చూశాడు. కోకంతా వెతికినా ఒక్క ఆకు లేదు. ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. చూడగలిగినంతా చూసేశాడు. ఇక ముట్టుకుంటే తప్ప తెలిసేది ఏమీ లేదు.

ముట్టుకోనివ్వరు కాబట్టి, కోకే బయటికి రావాలి.

అందుకే ఆ రోజు పప్పుచారులో పసుపు మూడింతలు పడింది.

జటాఝంకారుడు పీట మీద కూర్చున్నాడు. జడలు ముడివేసి వెనక్కి విసిరితే అవి మూడు స్తంభాల అవతల పడ్డాయి. నేతిగారెలు ముప్పై అయ్యాయి. పులిహోర గుట్ట కరిగింది. చారు అన్నాడు. భావనయ్య పెద్ద గిన్నె ఎత్తుకుని, వినయంగా వంగి, నాలుగడుగులు వేసి, ఐదో అడుగున తన కాలు తనే తొక్కుకున్నాడు. ఆ పడడం కోసం వంటింటి వెనక పదకొండుసార్లు సాధన చేశాడు. గిన్నె గాల్లో గిరగిరా తిరిగి, మాంత్రికుడి మీద ఒక్క చుక్క పడకుండా, వెనకాల గోడ మీది కోక కింది అంచు మీద ధారాళంగా బోర్లించుకుంది. మునక్కాడ ముక్క ఒకటి ఒక చిలక ముక్కుకి తగిలి అక్కడే ఆగింది.

వడ్డనవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ గరిటెలెత్తి ఆగిపోయారు. చాందినీ కూడా ఊగడం మానేసింది.

భావనయ్య నేల మీద సాష్టాంగపడి, నేలని అద్దంలా తుడిచినవాడిని తిట్టి, తన తలరాతని తిట్టి, మునక్కాడల్ని తిట్టి, మరక ఈ పూటే వదిలించకపోతే జన్మలో పోదని ఏడ్చాడు. జటాఝంకారుడి కళ్ళు నిప్పులైనా, మరకని చూసి కొంచెం తగ్గాయి. కోక పాడైతే ఇక ఎవరూ వచ్చి రాళ్ళు కారు. ఆయన వినోదం పోతుంది. ఒంటికన్ను రాక్షస భటుడిని పిలిచి, కోకని ఏటికి తీసుకెళ్ళి పొద్దు కుంకేలోగా తిరిగి గోడకి తగిలించమన్నాడు.

"మరక పోకపోతే ఉతికినవాళ్ళని కప్పల్ని చేస్తాను," అన్నాడు భావనయ్య వైపు తిరిగి. "నిన్ను ఆ కప్పలు తినే ఈగని చేస్తాను. పో, నువ్వూ పోయి ఆ బట్ట పిండు."

భావనయ్య అంత ఆనందంగా ఏడవడం అదే మొదటిసారి.

ఏటి ఒడ్డున ఎర్రక్క కోకని చేతిలోకి తీసుకుని ముందు వాసన చూసింది. చారు బాగా కుదిరిందంది. తరవాత చౌడు కలిపిన నీళ్ళలో మరకని ముంచింది. ముంచిన చోట పసుపు కాస్తా భగ్గున ఎర్రబడింది. తాటికాయంత కన్ను చేసుకుని చూస్తున్న భటుడు గావుకేక పెట్టి గద ఎత్తాడు. కోక నెత్తురు కక్కుతోందని, అందర్నీ చంపి తానూ చస్తానని అరిచాడు. జయధ్వజుడు మూగవాడినన్న సంగతి మరిచిపోయి "ఓరీ" అని మొదలుపెట్టాడు. భావనయ్య ఆయన నోట్లో తడిగుడ్డ కుక్కాడు.

ఎర్రక్క తల కూడా ఎత్తలేదు. "పసుపుకి చౌడు తగిలితే ఎర్రబడదా నాయనా? నీ పెళ్ళికి పారాణి ఎట్టా కలిపారనుకున్నావు?"

భటుడు గద దించాడు. తనకి పెళ్ళి కాలేదని చాలా మెల్లిగా చెప్పాడు. ఎర్రక్క జాలిపడి, మంచి రాక్షసపిల్ల ఉంటే చూస్తానని మాటిచ్చి, కోకని మంచినీళ్ళలో రెండుసార్లు జాడించింది. ఎరుపు పోయి మళ్ళీ లేత పసుపు మరక మిగిలింది. దాన్నలాగే తీసుకెళ్ళి తుప్పల మీద ఎండకి పరిచేసింది. భటుడు ఆమె పెట్టిన జొన్నరొట్టెలు పద్దెనిమిది తిని, పెళ్ళి సంగతి కలగంటూ కానుగ చెట్టు కింద గుర్రు పెట్టాడు.

భావనయ్య కోక పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఇన్నాళ్ళకి చేతికందింది. వేళ్ళతో తడిమాడు. పట్టుపోగు పట్టుపోగే. నాలుకతో తాకాడు. ఏటి నీళ్ళు, చౌడు, కొంచెం చింతపండు. పడుగు తను లెక్కపెట్టినంతే ఉంది. పేకా అంతే. నాన్న నేసినదానికీ దీనికీ పోగంత తేడా లేదు. పొద్దు నడినెత్తి దాటి వాలుతోంది. అతని గుండె కూడా దానితోపాటే వాలింది. ఇంత నాటకమాడి ఏం సాధించాడు? మరకని చూసి ఏడుద్దామని దాని వైపు తిరిగాడు.

మరక లేదు.

"అత్తా, మరకేది?"

"ఎండ తినేసింది," అంది ఎర్రక్క ఇంకో బట్ట బండకేసి బాదుతూ.

"అంటే ఏంటి తినేయడం?"

"ఓరి నీ దుంప తెగ, ఇన్నేళ్ళొచ్చాయి, మగ్గం ముందు కూర్చోడం తప్ప ఏమీ తెలీదా అల్లుడూ? పసుపంటే ఎండకి ప్రాణం. బట్టకి పసుపు అంటిందనుకో, పూటంతా ఎండలో పడేస్తే చాలు. అదే నీలిమందైతే నా మనవరాళ్ళు ముసలివాళ్ళయినా అట్టాగే ఉంటది."

భావనయ్య లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. తాటిచెట్టంత కిటికీ కళ్ళ ముందు మెదిలింది. తలుపు లేని కిటికీ, తెర లేని కిటికీ. నూరేళ్ళుగా ప్రతి పొద్దునా ఎదుటి గోడ మీద కూర్చున్న ఎండ. ఒక్క పూటలో గిన్నెడు చారు మరక తిన్న ఎండ నూరేళ్ళలో ఇంకేం తిని ఉంటుంది?

ఎండ ఎరగని చోటు ఆ కోకలో ఒకటే ఉంది. భావనయ్య ఇత్తడి ఊచ బయటికి లాగాడు. తుమ్మముల్లు తీసుకుని అంచు కుట్టు ఒక్కొక్కటే విప్పాడు. తొందరలో ముల్లు రెండుసార్లు వేలికే దిగింది. మడత విచ్చుకుంది. చివరి వరస చిలకల తోకలు బయటపడ్డాయి.

వానాకాలం మొదట్లో మొలిచిన వరినారులా పచ్చగా ఉన్నాయి.

ఒక్కొక్క తోకా మడత గీత దగ్గర కత్తిరించినట్టు ఆగి, అక్కణ్ణుంచి పైకి నీలమైపోయింది. ముందు పసుపులో ముంచి, ఆ మీద నీలిమందులో ముంచితే వచ్చే పచ్చ అది. పైన పసుపంతా ఎండ తినేసింది, నీలం మిగిలింది. నలభైమంది గొప్ప నేతగాళ్ళు ఎండ ఎంగిలిని చూసి నేశారు. మాంత్రికుడు మంత్రమూ వెయ్యలేదు, తంత్రమూ చెయ్యలేదు. కిటికీ పెట్టించి అన్నానికి కూర్చున్నాడంతే.

"ఆకుకోక," అన్నాడు భావనయ్య. అని, ఎర్రక్క రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పాడు. "మీ ముత్తవ్వకి వెయ్యి దండాలత్తా. ఆకు లేదు, ఆకురంగు ఉంది."

ఆనందంలో కూడా వేళ్ళు తోకల్ని లెక్కపెడుతూనే ఉన్నాయి. ఒకటి, రెండు, పది, పదకొండు పచ్చ. పన్నెండోది, మూలనున్నది, మడత లోపల కూడా నీలమే. ఎండ తిందా అంటే పక్కదాన్ని తినకుండా దీన్నొక్కదాన్నే తినడానికి ఎండకేం పగ? పోగు విడదీసి వేరుదాకా చూశాడు. పసుపు ఛాయైనా లేదు. ఇది ఎండ పని కాదు, నేసినవాడి పని. అప్పుడు నవ్వొచ్చింది. సాంబయ్య కూడా ఏ బట్ట నేసినా ఎక్కడో ఓ మూల ఒక పోగు కావాలనే తప్పు వేసేవాడు. దిష్టిపోగు అనేవాడు. చంటిపిల్ల బుగ్గన కాటుకచుక్క పెట్టినట్టు. నూరేళ్ళ కిందటి ఆ పేరు తెలియని నేతగాడు తన చిలకలకి కూడా చుక్క పెట్టాడు.

ఇక కొత్తది నేసే వ్యవధి లేదు. నెయ్యక్కర్లేదు కూడా. సాంబయ్య ఒకే పడుగు మీద జోడు కోకలు నేశాడు. ఒకటి చిలకకి ఇచ్చి రాయయ్యాడు, రెండోది గాడిద జీను కింద భద్రంగా ఉంది. మూలచిలకని వదిలి మిగతా నూట ఏడు నీలి చిలకలకీ పసుపు పెడితే చాలు. పసుపు సంచి భావనయ్య నడుముకే ఉంది. మట్టి నీళ్ళు తేర్చడానికి ఎర్రక్క దాచుకున్న పటిక ఉంది. ఈతపుల్లల చివర్లు నమిలి కుంచెలు చేశారు. ముందు పటిక నీళ్ళు పెట్టాలి, అది ఆరాక పసుపు. పటిక లేకపోతే రంగు పోగుని పట్టుకోదు. నాలుగు వరసలు తనకి, మూడు ఎర్రక్కకి, రెండు యువరాజుకి పంచాడు. అందరికీ రెండేసిసార్లు చెప్పాడు, మూలచిలక జోలికి పోవద్దని కూడా. ఆ చివరి మాట చెప్పేటప్పుడు యువరాజు కుంచెని కత్తిలా తిప్పి చూసుకుంటున్నాడు.

ముగ్గురూ వంగారు. ఏటిగాలి కోకని ఎగరెయ్యబోతే మోకాళ్ళతో అదిమిపెట్టారు. నీలం మీద పసుపు పడగానే ఒక్కొక్క చిలకా కళ్ళు తెరిచినట్టు పచ్చబడింది. జయధ్వజుడు ఇరవై యుద్ధాల్లో చూపని ఏకాగ్రత చూపించాడు. నాలుక బయటపెట్టి మరీ దిద్దాడు. చివరి చిలక ఆరేసరికి చెట్ల నీడలు ఏటికి అవతలి ఒడ్డు తాకాయి.

సరిగ్గా అప్పుడే భటుడు లేచాడు. ఒక కోక పెట్టి పడుకుంటే రెండు కోకలు కనబడ్డాయి. ఒంటికన్నుతో రెండు కనబడడం అతనికి అదే మొదలు. కన్ను నులుముకుని చూసినా రెండే. గద తిప్పుతూ మీదికి దూకాడు. జయధ్వజుడు బట్టల మూట లోంచి కత్తి లాగి "నిలువుము నిశాచరా" అన్నాడు. మూగవాడు మాట్లాడేసరికి భటుడు నిజంగానే నిలబడిపోయాడు. ఆ అర నిమిషం చాలు ఎర్రక్కకి. తడిదుప్పటి ఒకటి తల మీద వేసింది, రెండోది కాళ్ళకి చుట్టింది, బట్టలారేసే తాడుతో చుట్టూ పదహారు చుట్లు చుట్టి కానుగ చెట్టుకి ముడేసింది. పెళ్ళి సంబంధం మాట మాత్రం మరిచిపోనని దుప్పటి మీంచే చెప్పింది.

భావనయ్య పాత కోకని మడిచి గాడిద మీద వేశాడు. కొత్తదాన్ని రొమ్ముకి కట్టుకున్నాడు. ముగ్గురూ కొండెక్కారు. దారి కాదది, మేకలు కూడా దిగేటప్పుడు ఆలోచించే మెట్టలు. రాళ్ళు జారాయి. గాడిద మొరాయిస్తే జయధ్వజుడు దాన్ని భుజాన వేసుకున్నాడు. వెనక కోటలోంచి పెద్ద ఊళ వినబడింది. మాంత్రికుడు రాత్రి భోజనానికి దిగి ఖాళీ గోడ చూసుంటాడు.

ద్వారం దగ్గరికి వచ్చేసరికి పొద్దు కొండ మీద జానెడు ఎత్తులో ఉంది. నలభై రాతిబొమ్మలు ద్వారానికి అటూ ఇటూ వరసగా నిలబడి ఉన్నాయి. చివరి బొమ్మలో రెండు కళ్ళు ఇంకా మెరుస్తున్నాయి. రాయి ముక్కుపుటాల అంచు మీద ఉంది. లోపల ఊపిరి కొలిమితిత్తిలా గుయ్యిమంటోంది. భావనయ్య గబగబా కోక విప్పి, రాతిచిలక ముందు రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు.

రాతిచిలక తల వంచింది. నూరేళ్ళ దుమ్ము రాలింది. ఒక కన్నుతో చూసింది, తల తిప్పి రెండో కన్నుతో చూసింది. దాని ముక్కు కొసన చిన్న ఎరుపు మెరిసింది. అక్కణ్ణుంచి పచ్చదనం మెడ మీదికి, రెక్కల మీదికి జలజలా పాకింది. రాయంతా ఈకలైంది.

సాంబయ్య ముఖం మీంచి రాయి దిగింది. ముక్కు, పెదవులు, మెడ, ఛాతీ. ఆయన గుండెల నిండా గాలి పీల్చి కోక వైపు చూశాడు.

"పచ్చవిరా అవి," అన్నాడు బొంగురు గొంతుతో. "ముప్పై ఏళ్ళు మగ్గమాడిన ముండమొహాన్ని, మడతలో ఏముందో చూడాలని తోచలేదు నాకు."

రాయి నడుము దిగింది, మోకాళ్ళు దిగింది, చీలమండల దగ్గర ఆగిపోయింది.

"ఇది నేనే," అంది చిలక. దాని గొంతు కొండలో మోగింది. "కానీ ఇలా బయటికొస్తే నాకు దిష్టి తగులుతుంది."

భావనయ్య కోక తిప్పి మూల చూశాడు. పన్నెండో చిలక ముద్దుగా, పచ్చగా, అందరికన్నా మెరుస్తూ కూర్చుని ఉంది. అతనూ ఎర్రక్కా ఒకేసారి వెనక్కి తిరిగారు. జయధ్వజుడు పసుపు వేళ్ళు వీపు వెనక దాచుకున్నాడు.

"మిత్రమా, అదొక్కటీ మిగిలిపోయినది. నీవు మరచితివనుకొంటిని."

ఎర్రక్క మూడు వారాల తిట్లన్నీ కలిపి ఒకే మూటగా విసరడానికి నోరు తెరిచింది. భావనయ్య చెయ్యెత్తి ఆపాడు. పొద్దు సగం కుంకింది. కోట వైపు నుంచి నల్లటి సుడిగాలి ఒకటి చెట్లు పీక్కుంటూ కొండెక్కుతోంది. రాయి మళ్ళీ సాంబయ్య పిక్కల మీదికి పాకడం మొదలుపెట్టింది.

"దానికి పటిక నీళ్ళు పెట్టావా దొరా?"

యువరాజు తల దించుకున్నాడు. ఇరవై యుద్ధాల వీరుడు చిన్నపిల్లవాడిలా గొణిగాడు. "లేదు. తొందరలో పసుపు మాత్రమే పూసితిని."

భావనయ్య ఆయన మసి బుగ్గ మీద ముద్దు పెట్టాడు. "నీ తొందర వెయ్యేళ్ళు వర్ధిల్లాలి. అత్తా, చూస్తావేం?"

ఎర్రక్క అప్పటికే చెంబులో నీళ్ళు వంచుకుంటోంది. పటిక పట్టని పసుపు ఆమె చేతికొక లెక్కా? బొటనవేలితో మూలచిలకని రుద్దింది, నీళ్ళు చల్లింది, మళ్ళీ రుద్దింది. నలభై ఏళ్ళుగా కోటంతటి మురికినీ వదిలించిన బొటనవేలు అది. పసుపు నీళ్ళు మణికట్టు మీంచి కారాయి. పక్క చిలకలు, పటిక పట్టినవి, చెక్కు చెదరలేదు. మూలచిలక మాత్రం పచ్చ, పచ్చనీలం, లేతనీలం అయి చివరికి నీలమై నిలబడింది. పొద్దు చివరి గీత కొండ వెనక్కి జారుతూ ఉంది.

చిలక నవ్వింది. నూరేళ్ళకి వచ్చిన నవ్వు కాబట్టి బండలు రెండు దొర్లాయి.

సాంబయ్య పాదాలు కదిలాయి. ఒక అడుగు వేసి తూలాడు, కొడుకు మీద పడ్డాడు. భావనయ్య ఆయన్ని గట్టిగా పట్టుకుని, చిక్కిపోయావన్నాడు. రాయి తింటే ఒళ్ళు చెయ్యదురా అన్నాడు సాంబయ్య. అటూ ఇటూ ముప్పైతొమ్మిది రాళ్ళు టపటపా పగిలి ముప్పైతొమ్మిది మంది నేతగాళ్ళు బయటికొచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే కోక చుట్టూ మూగి, ఆ పసుపు ఇంకొంచెం ముదరాలని ఒకరు, లేతగా ఉండాలని ఒకరు వాదన మొదలుపెట్టారు. ప్రాణం వచ్చిన సంగతి ఎవరికీ గుర్తులేదు.

చిలక పక్కకి జరిగింది. ద్వారం తెరుచుకుంది. ఇటువైపు మునిమాపు చీకట్లు పడుతుంటే, తలుపు అవతల మిట్టమధ్యాహ్నం. తెల్లటి ఎండ ఏటి వరదలా బయటికి పొర్లింది. కళ్ళు చికిలించి చూస్తే దూరాన ఇసుక మైదానం, ఒక్క చెట్టు లేదు. మైదానం చివర గాజుమేడ, దాని కిటికీలో ఊగుతున్న చిన్న ఎర్ర పైట.

"కువలయ," అన్నాడు జయధ్వజుడు. ఈసారి ఒక్క మాటే అన్నాడు.

"లోపల మాంత్రికుడి సూర్యుడు కుంకడు," అంది చిలక. "కోకలో పచ్చదనం ఉన్నంతసేపే నేను తలుపు తెరిచి ఉంచగలను. దాన్ని మీ వెంటే తీసుకెళ్ళి, తిరిగొచ్చి నాకు చూపించాలి. ఆ పసుపు ఎన్నాళ్ళుంటుందో మీకే తెలియాలి."

సుడిగాలి కొండ మధ్యకి వచ్చేసింది. అందులో జడలు పాముల్లా లేస్తున్నాయి. ఎర్రక్క పైట బిగించి, గాడిద మీంచి బట్టలుతికే బండకర్ర లాక్కుంది. వాదిస్తున్న ముప్పైతొమ్మిది మందినీ ఒక్క కసురు కసిరి, ద్వారానికి అడ్డంగా నిలబెట్టింది. తను ఉన్నంతసేపు ఏ జడలవాడూ ఈ గడప దాటడని, వెళ్ళి పిల్లని తెచ్చుకోమని చెప్పింది. జడలకి కుంకుడుకాయ పెట్టి చాలా రోజులైనట్టుందని కూడా అంది.

భావనయ్య కోకని మళ్ళీ రొమ్ముకి కట్టుకోబోయాడు. సాంబయ్య అతని చేతిలోంచి తీసుకున్నాడు. చిలకలన్నీ లోపలికి వచ్చేలా తిరగేశాడు, అంచుకి అంచు కలిపాడు, మడత మీద మడత వేశాడు. పాత కోకని దాని మీద చుట్టి, గాలి కూడా దూరకుండా బిగించి, చంకలో పెట్టుకున్నాడు.

"నడు," అన్నాడు. "మడతలో ఉన్నంతసేపు వీటికేం కాదు."

తండ్రీకొడుకులూ యువరాజూ ఎండలోకి అడుగుపెట్టారు. వెనక ఎర్రక్క కర్ర మొదటి దెబ్బ ఫెడీమని మోగింది. కొత్తగా వచ్చిన కాళ్ళు కాబట్టేమో, సాంబయ్య అందరికన్నా ముందు నడుస్తున్నాడు.